నాలుగు పరమాణువులు, ఒక కనుమ

నాలుగే పరమాణువులు.
నడుమ రెండు నైట్రోజన్లు, జంటబంధం,
ఆ కొసనొకటి ఈ కొసనొకటి హైడ్రోజన్.
లెక్కపెడితే ఒక చేతిలో బొటనవేలు మిగిలిపోతుంది.
దీనికోసమే మూడేళ్లుగా
మత్తికెరెలో రెండో అంతస్తు గదికి అద్దె కడుతున్నాను.

హైడ్రోజన్లు ఒకే పక్కన ఉంటే సిస్,
ఎడమొహం పెడమొహంగా ఉంటే ట్రాన్స్.
విచిత్రమేమంటే
ఎడమొహం పెడమొహంగా ఉన్నదే నిలకడైన కాపురం.
మూడోది ఇంకొకటుంది.
రెండూ ఒక్క నైట్రోజన్‌నే పట్టుకుంటాయి,
రెండో నైట్రోజన్‌కి ఏమీ మిగలదు.
క్యాంటీన్ బల్ల మీద ఇళవేనిల్
దాన్ని అగ్గిపుల్లలతో కట్టి చూపించింది.
ఫ్యాను గాలికి పడిపోయింది.
"నిజంలోనూ అంతే," అని టీ తాగింది.

ఒక రూపం నుంచి ఇంకో రూపానికి వెళ్లాలంటే
శిఖరం ఎక్కక్కర్లేదు, కనుమ దాటాలి.
కొండలకు అదే పల్లం, దారికి అదే ఎత్తు.
చిత్తూరు బస్సులో మొగిలి ఘాటు దగ్గర
డ్రైవరు గేరు మార్చే చప్పుడు గుర్తొస్తుంది.
పోలిక సగమే సరి.
ఘాటెక్కాక ఇటువైపు దిగుడు లేదు,
బెంగుళూరు దాకా మిట్టే.

కనుమ మీద ఒకే ఒక్క కంపనానికి
విలువ ఊహాసంఖ్యగా రావాలి.
ఒక్కటొస్తే అది దారి.
రెండొస్తే దారి తప్పినట్టు.
నాకు రెండొచ్చాయి.

ఇక వెలుతురు తగిలిందంటే
ఎలక్ట్రాన్ ఒకటి పై మెట్టెక్కుతుంది,
జంటబంధం పట్టు సడలుతుంది,
అణువు మెలితిరిగి
ఇటూ కాక అటూ కాక నిలబడుతుంది.
పై తలమూ కింది తలమూ
సూదిమొనంత చోట ముట్టుకుంటాయి.
అక్కణ్ణుంచి జారేది ఏ పక్క పడుతుందో
నా కంప్యూటర్ చెప్పలేకపోయింది.
రాత్రంతా తిరిగి తిరిగి,
తెల్లారేసరికి ఒక్క ముక్క రాసి పడుకుంది:
కుదరలేదు.

శరావతి మేడం కళ్లజోడు తీసి అన్నారు:
"ఒక్క చిత్రంతో చెప్పబోతున్నావు రెడ్డెమ్మా.
మెలిపడిన చోట రెండు చిత్రాలూ సమానంగా నిజం.
రెంటినీ కలిపి రాయి."
కలిపి రాశాను.
లెక్క ఇరవై రెట్లయింది.
వరసలో నా ముందు పదకొండు పనులు.
యంత్రాల గదిలో ఏసీ చలికి మంకీటోపీ పెట్టుకుని
శివలింగయ్య ఆవలిస్తూ నా పని వైపు చూసి
"ఇష్టు చిక్క అణుగా ఇష్టు టైమా?" అన్నాడు.

ఆగస్టు ముసురులో ఒక రాత్రి ఫలితం వచ్చింది.
సిస్సే కింద ఉంది, ట్రాన్స్ పైన.
అంటే ఇన్నాళ్ల పుస్తకాలన్నీ తప్పు,
బంగారుపాళెం పిల్ల ఒప్పు.
బేకరీ మూసేలోపు పరుగెత్తి
పావుకిలో కోడుబళె కొనుక్కున్నాను.
ఇళవేనిల్‌ని నిద్రలేపాను.

రెండింటికి యశవంతపురంలో రైలు కూసింది.
ఎందుకో ఫైలు తెరిచి
అంకెలు ఒక్కొక్కటే కాగితం మీద చుక్కలుగా పెట్టాను.
ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టాను నేను.
మూడు వారాలుగా
సిస్ అని పిలిస్తే ట్రాన్స్ పలికింది పాపం.
కోడుబళె అప్పటికే అయిపోయాయి.

మా బడిలో ముగ్గురం రెడ్డెమ్మలం.
ఒకే అక్షరాలు, ఒకే బెంచీ, వేరే వేరే పిల్లలం.
అయ్యవారు ఒకటి, రెండు, మూడు అని పిలిచేవాడు.
ఒకటి లెక్క చేస్తే మెప్పు రెండుకు,
రెండు అల్లరి చేస్తే దెబ్బ మూడుకు.
నేను మూడు.
ఆ దెబ్బలు గుర్తున్నదాన్ని,
నేనే ఇలా చేశాను.

ఈ అణువు ఏ సీసాలోనూ ఎక్కువసేపు నిలవదు.
తలుపు తీసి చూసేలోపు
నైట్రోజన్‌గా విడిపోయి
మనం పీల్చే గాలిలో కలిసిపోతుంది.
అయినా దానికి సరైన పేరు బాకీ ఉన్నాను.

పొద్దున ఫైళ్లన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టాను.
రెడ్డెమ్మ ఒకటి.
రెడ్డెమ్మ రెండు.
రెండూ మధ్యాహ్నానికి కుదిరాయి,
ఎడమొహం పెడమొహంగా ఉన్నదే కింద.
మేడం తలూపి, తన టీ కప్పు నా వైపు జరిపారు.

మూడోది ఇంకా నడుస్తోంది.